పంతులమ్మ చెప్పిన గాలి పాఠం

లిడియాకూ ఆమె మామ యిర్మియాకూ క్షణం పడేది కాదు. గోదావరిఖని బొగ్గుగని కార్మికుల క్వార్టర్లలో వాళ్ళుండే లైనంతటికీ ఈ సంగతి తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఎలాగో సర్దుకుపోయింది గానీ, ఏడాది తిరక్కముందే ఆమె మామతో నేరుగా మాట్లాడడం మానేసింది. చెప్పవలసింది ఏదైనా ఉంటే భర్త మత్తయికి చెప్పేది. మత్తయి డ్యూటీలో ఉంటే గోడకు చెప్పేది. "అన్నం గిన్నెల ఉన్నది" అని ఆమె గోడతో అంటే, "ఆకలి లేదని చెప్పు" అని ముసలాయనా ఆ గోడకే జవాబిచ్చేవాడు.

లిడియా కరీంనగర్ పిల్ల. మిషన్ బళ్ళో చదివి, టీచర్ ట్రెయినింగు పూర్తిచేసి, 1968లో పెళ్ళి చేసుకుని ఖనికి వచ్చింది. వచ్చిన కొద్ది రోజులకే కాలనీ బడిలో పని దొరికింది. ఇక్కడికొచ్చి ఆమె మొట్టమొదట ద్వేషించింది మామను కాదు, పొగను. ఆ రోజుల్లో ప్రతి ఇంటి ముందరా పచ్చి బొగ్గు కుప్ప పోసి అంటించేవాళ్ళు. పొగంతా పోయి నిప్పు ఎర్రబడ్డాక పొయ్యిలోకి ఎత్తుకుని వంట చేసుకునేవాళ్ళు. పొద్దునా సాయంత్రం ఎదుటి ఇంటి తలుపు కనిపించేది కాదు. దానికి తోడు బొగ్గు లారీల దుమ్ము. తీగ మీద ఆరేసిన తెల్లచీర మళ్ళీ ఉతికితే గానీ కట్టుకోవడానికి పనికొచ్చేది కాదు. ఆమె కిటికీలు మూసేసి సందుల్లో గుడ్డపీలికలు కుక్కింది. యిర్మియా వాటిని పీకి పారేశాడు. ఆయనకు దమ్ము. మూసిన గదిలో ఊపిరాడదు. గొడవ అక్కడ మొదలైంది.

యిర్మియా చిన్నతనంలోనే పొట్ట చేతబట్టుకుని కొత్తగూడెం దిక్కు పోయి, ఒక కాంట్రాక్టరు కింద తట్టతో బొగ్గు ఎత్తినవాడు. ఇక్కడ కొత్త గనులు తెరిచినప్పుడు కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. ఇక్కడివాళ్ళు గనిని 'బాయి' అంటారు. కొన్నేళ్ళు బాయి దిగాడు. తర్వాత మెట్లెక్కి పైకి రాలేక మధ్యలో కూర్చోవడం మొదలైంది. డాక్టర్లు చూసి పనికి పనికిరాడన్నారు. కొలువు పోయింది. రోజంతా వరండాలో మంచమ్మీద కూర్చుని చుట్ట తాగుతూ, దగ్గుతూ, వచ్చేపోయేవాళ్ళకు కోడలి మీద చాడీలు చెప్పేవాడు. "పంతులమ్మ నన్ను కుక్కను తోలినట్టు బయటికి తోలింది" అనేవాడు. నిజానికి మంచం బయట వేయించుకున్నది ఆయనే. లిడియా ఆ మాట ఎవరితోనూ అనలేదు. అంటే నమ్మేవాళ్ళు లేరని ఆమెకు తెలుసు.

బళ్ళోనూ ఆమెకు స్నేహితులు తక్కువ. మాట కటువు, బెత్తం ఇంకా కటువు. ఏడో తరగతికి సామాన్య శాస్త్రం చెప్పేది. ఆ పుస్తకంలో గాలి గురించి ఒక పాఠం ఉంది. మంచి గాలి కోసం ఉదయం, సాయంకాలం తోటల్లో విహరించాలని రాసి ఉంది. ఆమె ఆ వాక్యం చదివేసరికి తరగతి గొల్లుమంది. చుట్టూ తోటంటూ ఉంటే కదా. నవ్వినవాళ్ళందరినీ బెంచీ ఎక్కించి నిలబెట్టింది. తర్వాత పుస్తకం మూసేసి, ఈ పాఠం తన తీరులో చెప్పాలని తీర్మానించుకుంది.

మరుసటి రోజు తడిపిన తెల్ల చేతిరుమాలును కిటికీకి కట్టింది. బడి విడిచే వేళకు విప్పి అందరికీ చూపించింది. నల్లగా మసిబారి ఉంది. పిల్లలు ఏమంత ఆశ్చర్యపోలేదు.

"మా అమ్మ కొంగు గూడ గట్లనే ఉంటది టీచర్" అంది అనసూర్య. ముందు బెంచీ పిల్ల. ఆమె తండ్రి పోశం బాయిలో బొగ్గు ఎత్తే పనిలో ఉండేవాడు.

"కొంగును ఉతుక్కోవచ్చు. ఊపిరితిత్తులను ఎట్ల ఉతుక్కుంటవు?" అంది లిడియా. బోర్డు మీద ఊపిరితిత్తుల బొమ్మ గీసింది. సన్నటి దుమ్ము ముక్కు వెంట్రుకలకు చిక్కకుండా లోపలిదాకా పోతుందనీ, పోయినది అక్కడే ఉండిపోతుందనీ, అది చేరినచోట మెత్తటి కండ గట్టిపడిపోతుందనీ చెప్పింది. పొగ పీల్చే చంటిపిల్లలకు మాటిమాటికీ జలుబూ దగ్గూ ఎందుకొస్తాయో చెప్పింది.

"లోపల గట్టిపడ్డట్టు బయటికెట్ల తెలుస్తది టీచర్?" అని అనసూర్యే అడిగింది.

ట్రెయినింగు రోజుల్లో మిషన్ దవాఖాన డాక్టరమ్మ ఒకరు వచ్చి చూపించిన పరీక్ష లిడియాకు గుర్తుకొచ్చింది. వెలిగించిన కొవ్వొత్తిని జానెడు దూరంలో పెట్టి, పెదవులు ముడవకుండా, నోరు బాగా తెరిచి ఊదాలి. ఊపిరి మంచిగా ఉన్నవాడు ఆర్పేస్తాడు. లోపల చెడినవాడు ఆర్పలేడు. మర్నాడు కొవ్వొత్తి పట్టుకొచ్చి పిల్లలందరిచేతా ఊదించింది. ప్రతివాడూ ఆర్పాడు. ఆటలా నవ్వులు మొదలయ్యాయి. ఇందులో ఏముంది, అందరం బాగానే ఉన్నాం కదా అన్నట్టుంది వాళ్ళ వాలకం. పాఠం చేతిలోంచి జారిపోతున్నట్టు ఆమెకు అనిపించింది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో యిర్మియా కనిపించాడు. మత్తయి డ్యూటీకి పోయాడు, తను చర్చి దాకా పోయొస్తానని ఇంటి తాళంచెవి ఇవ్వడానికి వచ్చాడు. గుమ్మం పట్టుకుని ఆయాసం తీర్చుకుంటున్నాడు.

"మామా, ఒక్కసారి లోపలికి రాండ్రి" అంది లిడియా.

కోడలి నోట అంత మర్యాద ఆయన ఎన్నడూ వినలేదు. నలుగురి ముందు పిలిచింది కదా అనుకున్నాడో ఏమో, వచ్చాడు. ఆమె కొవ్వొత్తి వెలిగించి ఆయన ముందు పెట్టింది. ఎలా ఊదాలో చెప్పింది. ఆయన ఊదాడు. మంట కదిలింది, ఆరలేదు. ఇంకోసారి ఊదమంది. ఛాతీ ఎగరేసి, మెడ నరాలు తేలేలా ఊదాడు. మంట నిలబడే ఉంది. మూడోసారికి దగ్గు తెర వచ్చి బల్ల పట్టుకుని వంగిపోయాడు. వెనక బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు. తర్వాత తరగతంతా నవ్వింది.

లిడియా ఆ నవ్వును ఆపలేదు. తోటల్లో విహరించాలన్నప్పుడు నవ్విన పిల్లల్ని బెంచీ ఎక్కించిన మనిషి ఇప్పుడు బోర్డు వైపు తిరిగి, "చూసిండ్రు కదా. లోపల గట్టిపడ్డట్టు గిట్ల తెలుస్తది" అంది. ఆమె తిరిగి చూసేసరికి తాళంచెవి బల్ల మీద ఉంది. ముసలాయన వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి యిర్మియా ఆమె వండింది ముట్టలేదు. వరండాలో మూడు రాళ్ళు పెట్టుకుని గంజి కాచుకున్నాడు. మత్తయి పెళ్ళాం మీద మండిపడ్డాడు.

"ఆయన నా నాయిన. నీ బోర్డు మీది బొమ్మ కాదు."

"నేను అబద్ధం చూపియ్యలే" అంది ఆమె.

"నిజమైతే మాత్రం? ఇంట్ల ఉన్న పగకు బడి దొరికిందా నీకు?"

తను చూపింది నిజమేననీ, అది చూపిస్తున్నప్పుడు తనకు కొంత సంతోషం కలిగిందనీ ఆమెకు రెండూ తెలుసు.

అంతటితో పోతే ఒక ఇంటి గొడవగా ఉండేది. కానీ పిల్లలు పాఠాన్ని ఇళ్ళకు మోసుకుపోయారు. గాసునూనె బుడ్డి వెలిగించి, తండ్రుల ముందు పెట్టి, నోరు తెరిచి ఊదమన్నారు. అనసూర్య కూడా పెట్టింది. పోశం అప్పుడే స్నానం చేసి వచ్చి, బిడ్డ అడిగింది కదా అని నవ్వుకుంటూ కూర్చున్నాడు. ఊదాడు. మళ్ళీ ఊదాడు. నవ్వు మాయమైంది. భార్య లింగవ్వ పొయ్యి దగ్గర్నుంచి చూస్తోంది. పోశం బుడ్డిని కాలితో తన్ని, బిడ్డ చెంప పగలగొట్టాడు. తన బిడ్డ మీద అతను చెయ్యెత్తడం అదే మొదలు.

నాలుగు రోజుల్లో లైన్లన్నిట్లో గొడవలు లేచాయి. ఆర్పినవాడు మీసం దువ్వాడు. ఆర్పలేనివాడు పిల్లల్ని కొట్టాడు. బుడ్డి తెస్తారన్న భయంతో కొందరు చీకటిపడే వేళకు ఇల్లు వదిలి కల్లు దుకాణాల్లో కూర్చున్నారు. నల్లా దగ్గర బిందెల కోసం కొట్లాడుకునే ఆడవాళ్ళకు కొత్త తిట్టు దొరికింది. "పోవే, నీ మొగనికి బుడ్డి ఊద చాతగాదు" అని ఒకతె అంటే, ఇంకొకతె జుట్టు పట్టుకుంది. దమ్మున్నదని పైకి పొక్కితే డాక్టర్ల ముందు నిలబెడతారనీ, యిర్మియాను చేసినట్టే పనికిరాడని పంపిస్తారనీ మగవాళ్ళకు భయం పట్టుకుంది.

ఒక పొద్దున లింగవ్వ మరికొందరు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని బడికొచ్చింది. హెడ్మాస్టరు నర్సింగం సారు వద్దంటున్నా వినకుండా తరగతి గదిలోకి నడిచింది.

"ఏం చదువమ్మా నువ్వు చెప్పేది? తండ్రిని బిడ్డ ముందల దోషిని చేసే చదువు ఎక్కడిది?"

"నేను ఇండ్లల్ల చెయ్యుమని చెప్పలే" అంది లిడియా.

"వద్దని చెప్పినవా?"

"లింగవ్వా, కోపం గాదు. మీ ఆయన్ను దవాఖానకు తోలుకపో. ఇప్పుడే చూపిస్తే మంచిది. ఇంటి ముందట కుప్ప అంటు పెట్టేది జర దూరం పెట్టుకో. నీ చిన్న పిలగాడు గూడ దగ్గుతుండు."

"ఇగ నా పొయ్యి మీద పడ్డవా?" అంది లింగవ్వ. "నీ మామనే బయట పండబెట్టిన దానివి, నువ్వు మాకు ఊపిరి గురించి చెప్తవా?" గుమ్మం ముందున్న మట్టిని పిడికిట్లో ఎత్తి లిడియా ముఖాన కొట్టింది. ఆమె వెంట వచ్చినవాళ్ళు కూడా తలా ఒక మాట అని పోయారు. లిడియా కళ్ళు తుడుచుకుని, నోట్లో పడ్డ మట్టిని కిటికీలోంచి ఉమ్మేసి, పాఠం ఎక్కడ ఆగిందో అక్కడ నుంచి మొదలుపెట్టింది. పిల్లలెవరూ తల ఎత్తలేదు.

సంగతి గని ఆఫీసు దాకా పోయింది. వారం తిరగకుండానే ఒక అధికారి జీపులో బడికొచ్చాడు. మర్యాదస్తుడే. గొంతు పెంచి మాట్లాడలేదు. ఏడో తరగతిలోనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నర్సింగం సారు చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. యిర్మియాను పిలిపించారు. డ్యూటీ లేని మగవాళ్ళు కొందరు బడి కంచె బయట గుంపుగా చేరారు. వాళ్ళలో పోశం ఉన్నాడు.

"మీరేదో పరీక్ష చేయించారట. మంచిదేనమ్మా" అన్నాడు అధికారి లిడియాతో. "ఎవరెవరి నాన్నలు ఊదలేకపోయారో పిల్లల్ని చెప్పమనండి. వాళ్ళను దవాఖానకు పంపి చూపిద్దాం. ఇందులో భయపడేదేముంది?"

అతను నిజంగానే మేలు చెయ్యాలని వచ్చాడో, కాదో లిడియాకు ఆనాడే కాదు, ఏనాడూ తెలియలేదు. అనసూర్య బల్ల కేసి చూస్తూ గోళ్ళు కొరుకుతోంది. అందరికంటే ముందు యిర్మియా నోరు విప్పాడు.

"పరీక్ష లేదు, ఏం లేదు సార్. గది నాటకం."

"నాటకమేంటి?"

"నా కోడలే చెప్పింది. ఊదినట్టు చెయ్యి, ఆర్పకు, పిల్లలు భయపడి మంచిగ చదువుతరు అన్నది. నేను దగ్గినట్టు చేసిన. ఇండ్లల్ల మొగోళ్ళు గూడ పిల్లల్ని నవ్వియ్యనీకి గట్లనే చేసిండ్రు. ఎవనికి ఏం కాలే. కావాలంటే ఇప్పుడు తెప్పియ్యుండ్రి, ఊదుత."

ఆ మాటన్నంతలోనే ఆయనకు ఆయాసం వచ్చింది. గోడకు ఆనుకుని, అది కనిపించకుండా పై కండువాతో ముఖం తుడుచుకున్నాడు. అధికారి లిడియా వైపు తిరిగాడు.

"ఏమ్మా, నిజమేనా?"

కొవ్వొత్తి ఆమె బల్ల సొరుగులోనే ఉంది. తీసి వెలిగిస్తే చాలు, ముసలాయన మాట అక్కడే తేలిపోతుంది. తనను అబద్ధాలకోరును చేసి నిలబెట్టినవాడిని నలుగురిలో ఓడించొచ్చు. ఆమె చెయ్యి సొరుగు మీదికి పోయింది కూడా. అప్పుడు కిటికీలోంచి పోశం కనిపించాడు. కంచె తీగను రెండు చేతులా పట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి ఊపిరి పీలుస్తున్నాడు. అతని భుజాలు పైకీ కిందికీ కదులుతున్నాయి. అతను చూస్తున్నది అధికారిని కాదు, ఆమెను.

"నిజమే సార్" అంది లిడియా. "నేనే చెప్పిన."

"పిల్లలకు ఇట్లాంటి మాయమాటలు చెప్పడం తప్పు కదమ్మా" అన్నాడు అధికారి. అంతకంటే ఏమీ అనలేదు. జీపు వెళ్ళిపోయింది. కంచె దగ్గరి మగవాళ్ళు ఆమెకేసి చూడకుండా చెదిరిపోయారు. అనసూర్య మాత్రం కళ్ళార్పకుండా ఆమెనే చూస్తోంది. తండ్రి చేత తిన్న దెబ్బ టీచరు నాటకం వల్ల వచ్చిందని ఆ పిల్లకు అప్పుడే అర్థమైనట్టుంది. ఆ తర్వాత బడి విడిచిపోయేదాకా ఆమె లిడియాతో మాట్లాడలేదు.

ఆ సాయంత్రం లిడియా మామ ముందుకెళ్ళి నిలబడింది. ఈసారి గోడతో చెప్పలేదు.

"ఆ మొగోళ్ళ కొలువుల కోసం చెప్పినవా, నా మీద కసితోటి చెప్పినవా?"

"రెండు" అన్నాడు యిర్మియా. చుట్ట కొస కొరికి ఉమ్మేశాడు. "నన్ను పిలగాండ్ల ముందల కోతిని చేసినవు. ఇయ్యాల నువ్వయినవు. గంతే."

"నీకు ఊపిరాడక సచ్చేటట్టున్నవు. అది దాచిపెడితే ఎవనికి మేలు?"

"నాకు ఊపిరి పోయినంక కొలువు పోయింది. వాళ్ళకు ఊపిరి ఉండంగనే కొలువు పోవాల్నా? నీ పుస్తకంల గాలి ఉన్నది, తిండి లేదు."

"తిండి తినేటందుకు మనిషి ఉండాలె."

"పో పంతులమ్మా. పోయి గోడకు చెప్పుకో" అన్నాడు.

నర్సింగం సారు ఆమెను ఏడో తరగతి నుంచి తప్పించి ఒకటో తరగతిలో అ ఆలు దిద్దించే పని ఇచ్చాడు. వీధిలో పోతుంటే పిల్లలు వెనకనుంచి 'నాటకాల టీచర్' అని అరిచేవాళ్ళు. చర్చిలో ఆడవాళ్ళ వరసలో ఆమె పక్కన చోటు ఖాళీగా ఉండేది. నిజం చెప్పినందుకు ఒకసారి, అబద్ధం ఒప్పుకున్నందుకు ఒకసారి ఊరు ఆమెను వెలివేసింది. ఆమె కూడా ఊరిని క్షమించలేదు. ఎవరింటికీ పోలేదు, ఎవరినీ రమ్మనలేదు.

యిర్మియా ఒక ఎండాకాలంలో దవాఖానలో పోయాడు. చివరి రోజుల్లో లిడియా పక్కనే కూర్చుని, వెనక దిండ్లు పెట్టి, ఆయన ముఖం తుడిచింది. ఆయన వద్దనలేదు, మంచిమాటా అనలేదు. సమాధి దగ్గర పాస్టరు ఆ ఇంటి ప్రేమానురాగాల గురించి మాట్లాడుతుంటే మత్తయీ ఆమే చెరో దిక్కు చూశారు.

ఆ తర్వాత, డెబ్బై అయిదులో, పోశం పోయాడు. కొలువులో ఉండగానే జబ్బుతో మంచమెక్కాడు, ఇక లేవలేదు. అప్పటికి అతని ఊపిరితిత్తుల్లో ఏమీ మిగల్లేదని డాక్టర్లు చెప్పారట. కర్మకాండలు అయిన కొద్ది రోజులకు మార్కెట్ దారిలో లింగవ్వ లిడియాకు అడ్డం వచ్చింది. బొట్టులేని ముఖం, చేతిలో కూరగాయల సంచి.

"ఒక్క మాట చెప్పు. ఆనాడు బుడ్డి ముచ్చట నిజమా, నాటకమా?"

"నిజం" అంది లిడియా.

"మరి నాటకమని ఎందుకన్నవు?"

"మీ ఆయన కంచెకాడ నిలబడ్డడు. నిజం చెప్తే ఆయన కొలువు పోయేది."

"కొలువు పోతే కూలికి పోదుము. నేను పోదును. మనిషి ఉండేటోడు కదా."

"అప్పుడు నా మొకాన మన్ను కొట్టింది నువ్వే" అంది లిడియా.

"కొట్టిన. నాకు తెల్వక కొట్టిన. నేను చదువుకోలే. నువ్వు చదువుకున్నవు. తెలిసి తెలిసి నోరు మూసుకున్నవు." లింగవ్వ సంచిని ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది. "నీ ఇంటిల్లిపాది నాశనం గాను" అని గొంతు పెంచకుండానే శపించి, పక్కనుంచి నడిచిపోయింది.

లిడియా ఇంటికి పోలేదు. అక్కడి నుంచి నేరుగా నర్సింగం సారు ఇంటికి పోయి, ఏడో తరగతి తనకు తిరిగి ఇమ్మని అడిగింది. ఆయన కుదరదన్నాడు.

"మళ్ళ ఊరంతా లొల్లి పెడ్తవా అమ్మా? ఒకటో తరగతిల నీకేం తక్కువయింది?"

"ఇయ్యకపోతే ఒకటో తరగతికే చెప్త" అంది.

చెప్పింది కూడా. అ ఆల పలకలు పక్కన పెట్టించి, పొగ ఎక్కడ నుంచి వస్తుందో, ముక్కులో నల్లగా చేరేది ఏమిటో, చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకుని కుప్ప దగ్గర ఎందుకు కూర్చోకూడదో చిన్న మాటల్లో చెప్పింది. పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చిన తల్లుల్ని గుమ్మంలో ఆపి మరీ చెప్పింది. కొందరు ఆగారు. చాలామంది మూతి తిప్పుకుని పోయారు. దగ్గు తగ్గని మొగుడిని దవాఖానకు తోలుకుపోయినవాళ్ళు ఒకరిద్దరు ఉన్నారు గానీ, పంతులమ్మ చెబితే పోయామని వాళ్ళు ఎక్కడా ఒప్పుకోలేదు. ఏడాది చివర్లో ఆమెకు బదిలీ కాగితం వచ్చింది. మత్తయి కూడా అడిగి అటే మార్పించుకున్నాడు. గోదావరి దాటి నస్పూర్ పోయారు.

నస్పూర్‌లోనూ అవే లైన్లు, ఇళ్ళ ముందర అవే కుప్పలు. ఆమెకు అక్కడ ఏడో తరగతి ఇచ్చారు. గాలి పాఠం వచ్చినప్పుడు ఆమె ముందుగా ఒక మాట చెప్పింది. ఈ పాఠం విన్నాక ఎవరూ ఇంటికి పోయి తండ్రికి పరీక్ష పెట్టకూడదు, ఎవరింట్లో ఎవరికి దమ్మున్నదో తరగతిలో చెప్పకూడదు. ఆ మాట బెత్తం బల్ల మీద పెట్టి చెప్పింది. తర్వాత ఊపిరితిత్తుల బొమ్మ గీసింది.

మూడో రోజు ఒక కార్మికుడు షిఫ్టు దిగి బట్టలైనా మార్చుకోకుండా తరగతి గుమ్మంలోకి వచ్చాడు. కళ్ళ చుట్టూ తప్ప ఒళ్ళంతా నలుపు.

"మా బాయి పని మీద పిల్లలకు ఏందేందో చెప్తున్నవట? మా తిండి మీద మన్ను పోస్తవా?"

"పోస్త లేను. కూసోండ్రి" అంది లిడియా, తన కుర్చీ అతని వైపు జరిపి. "ఇంకా సగం పాఠం ఉన్నది. ఇన్నంక తిట్టుండ్రి."

అతను కూర్చోలేదు. పోనూ పోలేదు. చేతులు కట్టుకుని, గుమ్మానికి ఆనుకుని, ఆమెను గుర్రుగా చూస్తూ నిలబడ్డాడు. ఆమె సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగింది.